ముక్కుకి ఏది, చర్మానికి ఏది, ఆయాసానికి ఏది: అలర్జీకి మొక్కల మందు ఎంచుకునే ముందు

సార్వా కోతలు మొదలయ్యాయంటే మా షాపుకొచ్చేవాళ్లలో సగం మంది ఏం కావాలో చెప్పే ముందు రెండు మూడు తుమ్ములు తుమ్ముతారు. కోత మిషన్ చేలో తిరుగుతుంటే లేచే నుసి గాలివాటున ఊళ్లోకి కొట్టుకొస్తుంది. ఆ పైన గడ్డి తగలబెడతారు. తెల్లవారుజామున పట్టే మంచు ఆ పొగని పైకి పోనివ్వదు. దానికి తోడు మా వైపు కాలవ గాలికి ఏడాది పొడుగునా తేమే. గోడలకి బూజు, పరుపుల్లో డస్ట్ మైట్లనే కంటికి కనబడని పురుగులు. కోనసీమలో మందుల షాపు పెట్టుకున్నవాడికి అలర్జీ మాత్రల బేరం తగ్గే నెలంటూ ఉండదు.

మొన్నటి కోతలప్పుడు, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారు వచ్చి కౌంటర్ మీద మూడు పెట్టారు. ఒకటి డాక్టరు గారు ముక్కులోకి స్ప్రే రాసిచ్చిన చీటీ. రెండోది హైదరాబాద్ నుంచి కొడుకు పంపిన పసుపు క్యాప్సూల్స్ సీసా. మూడోది ఫోన్. అందులో 'క్వెర్సెటిన్: ప్రకృతి ఇచ్చిన యాంటీహిస్టమిన్' అని ఒక ప్రకటన.

"ఏరా, ఈ మూడింట్లో ఏది వాడమంటావు?"

"ఎవరికండి?" అన్నాను.

ఆయన లెక్క చెప్పారు. తుమ్ములు ఆయనకి. ఆయాసం అమ్మగారికి, అంటే మాస్టారి భార్యకి. మోచేతి మడతల్లో దురద మనవరాలికి. ఇక అల్లుడు గారికి రొయ్యలు పడవు. గోదావరి జిల్లా అల్లుడై ఉండి రొయ్యలు పడకపోవడం కంటే కష్టం ఇంకోటి లేదని మాస్టారి బాధ. ఒక్క సీసాతో ఇంటిల్లిపాదికీ సరిపెట్టాలని ఆయన ఆశ.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 'అలర్జీకి ఏ ఆకు మంచిది' అని అడుగుతారు. నేనైతే అలర్జీ ఒంట్లో ఎక్కడ కూర్చుందో ముందు చూస్తాను. ముక్కు, చర్మం అయితే ఇంట్లో కొంత ప్రయత్నం చేసుకోవచ్చు, చేస్తే పెద్దగా పోయేదేం లేదు. ఊపిరి, తిండి అయితే ఆకులతో ఆటలు పనికిరావు. కింద చెప్పేదంతా ఆ వరసలోనే.

ముక్కు

పడని ధూళి ముక్కులోకి వెళ్లినప్పుడు అక్కడి పొరలో ఉండే మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్‌ని వదులుతాయి. దురద, తుమ్ములు, నీళ్లు కారడం దాని పనే. సిట్రిజిన్ లాంటి మాత్ర ఆ హిస్టమిన్‌ని పని చేయనివ్వదు. స్టెరాయిడ్ స్ప్రే ముక్కు పొరలో వాపునే తగ్గిస్తుంది. మొక్కల పదార్థాలు ఈ రెంటిలో ఏ పని ఎంత బాగా చేస్తాయన్నదే పోలిక.

క్వెర్సెటిన్ సంగతి చూద్దాం. ఉల్లిపాయలో, ఆపిల్ తొక్కలో, మన మునగాకులో ఉంటుంది. ప్రయోగశాల గిన్నెలో మాస్ట్ కణాల మీద పోస్తే అవి హిస్టమిన్ వదలడం తగ్గుతుంది. ప్రకటనలో రాసింది ఆ మేరకు అబద్ధం కాదు. కానీ గిన్నెలో కణానికి తగిలినంత మోతాదు, నోట్లో వేసుకున్నాక రక్తంలోకి చేరదు. పేగు దగ్గరే చాలావరకు రూపు మారిపోతుంది. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. పోనీ ఉల్లిపాయలే తిందామంటే, క్యాప్సూల్‌లో ఉండే 500 మిల్లీగ్రాముల కోసం కిలో పైన ఉల్లి తినాలి. మునగాకు పప్పు వండుకోండి, చాలా మంచిది, కానీ తుమ్ముల కోసం కాదు.

పసుపు దీనికంటే ఒక మెట్టు పైన ఉంది. 2016లో అచ్చయిన ఒక పరీక్షలో ఏడాది పొడుగునా ముక్కు అలర్జీతో బాధపడే 241 మందిలో కొందరికి కర్క్యుమిన్ (పసుపులో పనిచేసే పదార్థం), కొందరికి ఉత్తుత్తి మాత్ర రెండు నెలల పాటు ఇచ్చారు. కర్క్యుమిన్ తీసుకున్నవాళ్లకి తుమ్ములు, ముక్కు దిబ్బడ తగ్గాయి. బాగానే ఉంది. కానీ వంటింటి పసుపుతో అది రాదు. లెక్కలు మాస్టారు కాబట్టి ఆయన చేతే వేయించాను. చెంచా పసుపు సుమారు 3 గ్రాములు. అందులో కర్క్యుమిన్ 3 శాతం అనుకుంటే 90 మిల్లీగ్రాములు. క్యాప్సూల్‌లో వచ్చే 500 మిల్లీగ్రాములు కావాలంటే రోజుకి ఐదున్నర చెంచాలు. "పాలల్లోనా?" అని ముఖం చిట్లించారు.

అందుకే క్యాప్సూల్స్ వచ్చాయి. వాటిలో ఇంకో కిటుకు ఉంది. కర్క్యుమిన్ ఒంటికి పట్టదు కాబట్టి మిరియాల్లోని పైపెరిన్ కలుపుతారు. 1998లో బెంగళూరులో చేసిన పరీక్షలో 20 మిల్లీగ్రాముల పైపెరిన్‌తో కర్క్యుమిన్ రక్తంలోకి చేరడం 2000 శాతం పెరిగింది. సీసా మీద దీన్ని గొప్పగా వేసుకుంటారు. పైపెరిన్ ఆ పని ఎలా చేస్తుందో మాత్రం వేయరు. మందుల్ని విరిచి బయటికి పంపే లివర్ పనిని అది నెమ్మదింపజేస్తుంది. పసుపు ఒక్కటే ఎక్కువసేపు నిలిచి ఊరుకుంటే గొడవే లేదు. మీరు వేసుకునే వేరే మాత్రలు కూడా నిలుస్తాయి. ఈ మాట మళ్లీ వస్తుంది, ఆయాసం దగ్గర.

నల్ల జీలకర్ర నూనె గురించీ అడుగుతారు. అందులో థైమోక్వినోన్ ఉంటుంది. చిన్న చిన్న పరీక్షల్లో ముక్కుకి కొంత మేలు కనిపించింది. అంతకు మించి చెప్పడానికి లేదు.

మొక్కలన్నిటిలో మాత్రకి దీటుగా నిలబడింది మన దేశపుది కాదు. యూరప్‌లో వాగుల పక్కన పెరిగే బటర్‌బర్. 2002లో 125 మంది మీద రెండు వారాల పాటు సిట్రిజిన్‌తో పోల్చి చూస్తే ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. నిద్రమత్తు తక్కువని కూడా అన్నారు. అయితే ఆ మొక్కలోనే లివర్‌ని పాడుచేసే ఆల్కలాయిడ్లు ఉన్నాయి. వాటిని తీసేసి తయారుచేశామన్నా లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాయి, 2012లో బ్రిటన్ దాన్ని వాడొద్దని చెప్పింది. బాగా పనిచేసిన మొక్కకే గట్టి దుష్ఫలితం కూడా ఉండటం నాకు ఆశ్చర్యమేం కాదు. ఒంట్లో ఏదో ఒకటి చేసేదే మందు, అది మంచే చేయాలని రూలేం లేదు.

కాబట్టి ముక్కుకి నా వరస ఇది. రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడగడం (కాచి చల్లార్చిన నీళ్లే, బోరు నీళ్లు కాదు). ఏటా కోతలకే వచ్చేవాళ్లు స్ప్రేని మిషన్లు చేలోకి దిగడానికి రెండు వారాల ముందే మొదలెట్టాలి, ఎందుకంటే దాని పూర్తి బలం వారం పది రోజులకి గానీ తెలియదు. మధ్యలో తుమ్ములు ఆగనప్పుడు సిట్రిజిన్, అదీ రాత్రి పూట. కర్క్యుమిన్ మీద సరదా ఉన్నవాళ్లు, లివర్ బాగుండి వేరే మందులేవీ వాడనివాళ్లు, వీటికి తోడుగా రెండు నెలలు చూసుకోవచ్చు. వీటి బదులు మాత్రం కాదు. ముక్కు దిబ్బడకి చుక్కల మందు అడిగేవాళ్లకి నేను ఐదు రోజులకి మించి ఇవ్వను. ఎక్కువైతే చుక్కలు వేయకపోతే ముక్కే తెరుచుకోని పరిస్థితి వస్తుంది. దీని మీద నాతో పోట్లాడి పక్క షాపుకి వెళ్లినవాళ్లు ఉన్నారు.

చర్మం

మొక్కల వైపు నేను మనస్ఫూర్తిగా మొగ్గేది ఇక్కడే, అదీ మన పెరట్లో ఉన్నదానికే.

పిల్లల్లో మోచేతి మడతల్లో, మోకాలి వెనక వచ్చే ఎగ్జిమాలో చర్మం గోడకి బీటలు వారినట్టు ఉంటుంది. లోపలి తడి బయటికి పోతుంది, బయటి క్రిములు లోపలికొస్తాయి. ఫిలిప్పీన్స్‌లో, అదీ మనలాంటి కొబ్బరి దేశమే, 117 మంది పిల్లల మీద ఎనిమిది వారాలు ఒక పరీక్ష చేశారు. సగం మందికి పచ్చి కొబ్బరి నుంచి తీసిన వర్జిన్ నూనె, సగం మందికి మామూలు మినరల్ ఆయిల్. కొబ్బరి నూనె రాసినవాళ్ల చర్మం బాగా మెరుగైంది, తడి నిలబడింది. 2014లో అచ్చయింది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాన్నుంచి వచ్చే మోనోలారిన్, ఎగ్జిమా చర్మం మీద పేరుకునే బాక్టీరియాని అణచగలదు.

ఇందులో ఒక మెలిక ఉంది. మాస్టారింట్లో మనవరాలికి రాస్తున్నది తలనూనె. మూత తీస్తే మల్లెపూల వాసన. ఆ సెంటే పగిలిన చర్మాన్ని మండిస్తుంది. అంబాజీపేట పక్కనే ఉండి, పెరట్లో నాలుగు చెట్లు ఉండి, దింపు తీసిన ప్రతిసారీ కాయలన్నీ అమ్మేసి, సీసాలో సెంటు నూనె కొనుక్కోవడం మనకే చెల్లింది. ఎండు కొబ్బరిని గానుగాడించిన నూనె కూడా చెడ్డది కాదు గానీ పరీక్షలో వాడింది అది కాదు. పచ్చి కొబ్బరి కోరు పిండి, పాలు తీసి, ఎక్కువ వేడి తగలకుండా తీసిన నూనె అది. చేతిలో వేసుకుంటే నీళ్లలా పలచగా, అప్పుడే కొట్టిన కాయ వాసనతో ఉంటుంది. చలికాలం పొద్దున్న గడ్డకడుతుంది, అది మంచిదే.

రాసే పద్ధతి: గోరువెచ్చటి నీళ్లతో స్నానం, రుద్దకుండా అద్దుకుని, మూడు నాలుగు నిమిషాల్లోపు, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే. రోజుకి రెండుసార్లు. ఎర్రగా రసి కారుతున్నప్పుడు నూనె చాలదు. డాక్టరు చెప్పిన స్టెరాయిడ్ క్రీము చెప్పినన్ని రోజులు రాసి, తగ్గాక మళ్లీ నూనెకి రావాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. తామరకీ గజ్జికీ దురదకీ అన్నిటికీ ఒకటే ట్యూబు, మూడు మందులు కలిపింది, అడిగిందే తడవు ఇచ్చే షాపులున్నాయి. పిల్లల చర్మం దానితో కాగితంలా పలచబడుతుంది.

వేపాకు, పసుపు ముద్ద గురించి: పుండు లేని చోట పెద్ద హాని లేదు, కానీ పొడిబారిన చర్మాన్ని వేప ఇంకా ఎండబెడుతుంది. పసుపు కూడా కొందరికి పడదు.

చర్మం దగ్గర ఇంకో సంగతి మర్చిపోతాం. అలర్జీని తగ్గించే మొక్కలున్నట్టే తెచ్చిపెట్టేవీ ఉన్నాయి. కాలవ గట్ల మీద తెల్లపూల వయ్యారిభామ. 1950ల్లో పుణె దగ్గర కనబడి దేశమంతా పాకింది. అందులోని పార్థెనిన్ తగిలి రైతుల ముఖం, మెడ, మోచేతులు నల్లబడి దళసరెక్కుతాయి. చామంతి కూడా ఆ కుటుంబమే. వయ్యారిభామ పడనివాళ్లకి కడియం నర్సరీల్లో చామంతి మొక్కలు సర్దే పని పడకపోవచ్చు. అలాంటివాళ్లకి ఎవరో కామోమిల్ టీ మంచిదని చెప్తారు. అదీ ఆ కుటుంబమే.

ఆయాసం

అమ్మగారి విషయానికి వచ్చేసరికి మాస్టారు గొంతు తగ్గించారు. ఆవిడ ఇన్‌హేలర్ మానేశారట. 'అలవాటు పడిపోతుంది' అని ఎవరో చెప్పారు. బదులుగా ఒక ఊళ్లో ఇచ్చే పొడి తేనెతో తీసుకుంటున్నారు. "అద్భుతంగా పనిచేస్తోందిరా, రెండో రోజుకే ఆయాసం పోయింది. ఆకలి కూడా బాగా వేస్తోంది. ముఖం కాస్త నిండుగా వచ్చింది."

ఆయాసం రెండు రోజుల్లో పోవడం, ఆకలి పెరగడం, ముఖం గుండ్రంగా అవడం. ఈ మూడూ కలిసి వింటే నాకు ఆకులు గుర్తుకు రావు. పేరు రాయని పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలపడం కొత్త సంగతేం కాదు. ఇన్‌హేలర్‌లో ఉండే స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో, నేరుగా ఊపిరితిత్తులకి. పొడిలో కలిపేది మిల్లీగ్రాముల్లో, ఒళ్లంతటికీ. దానికి భయపడి దీనికి వెళ్లారన్న మాట. ఇలాంటి పొడి నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపేయడం ప్రమాదం. డాక్టరుకి చూపించి మెల్లగా తగ్గించాలి. ఆ రోజే వెళ్లమన్నాను.

నిజం చెప్పాలంటే ఉబ్బసం మందుల చరిత్ర సగం మొక్కల చరిత్రే. కాలవ గట్టున పెరిగే ఉమ్మెత్తని ఒకప్పుడు ఎండబెట్టి చుట్టలా కాల్చేవాళ్లు. అందులోని అట్రోపిన్ శ్వాసనాళాల్ని వదులు చేస్తుంది, మోతాదు కాస్త దాటితే పిచ్చెక్కిస్తుంది, ప్రాణం తీస్తుంది. ఆ అట్రోపిన్‌నే మెదడుకి ఎక్కకుండా మార్చి ఇప్రట్రోపియం చేశారు. నెబ్యులైజర్‌లో వేసేది అదే. థియోఫిలిన్ మొదట దొరికింది తేయాకులో. అడ్డసరంలోని వాసిసిన్ నుంచి బ్రోమ్‌హెక్సిన్, దాన్నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చాయి. కఫం పలచబరిచే దగ్గు సిరప్పుల్లో ఉండేవి ఇవే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఈజిప్టు వైపుది. మన వాము కుటుంబానికే చెందిన ఒక మొక్క గింజల్లో కెల్లిన్ అనే పదార్థం ఉంది. రోజర్ ఆల్టున్యాన్ అనే డాక్టరుకే ఉబ్బసం. కెల్లిన్‌ని రకరకాలుగా మార్చి చేసిన పదార్థాల్ని 1960ల్లో తన మీదే పరీక్షించుకున్నాడు. తనకి పడని గినీ పందుల నూగుని కావాలనే పీల్చి, ఆయాసం తెప్పించుకుని, ఏ పదార్థం ఎంత ఆపుతుందో చూసేవాడు. అలా 1965లో వచ్చింది సోడియం క్రోమోగ్లైకేట్. మాస్ట్ కణాన్ని పగలకుండా ఆపే మందు. ఇప్పటికీ కళ్ల దురదకి చుక్కలుగా అమ్ముతున్నాను. క్వెర్సెటిన్ ప్రకటన చెప్పే పనినే, కొలిచిన మోతాదులో, కంటికి నేరుగా చేసేది ఇది.

మరి ఆకునే తినేస్తే? అదీ చూశారు. మేకమేయని ఆకుని 1960ల చివర్లో ఢిల్లీలో డాక్టర్ శివపురి బృందం ఉబ్బసం వాళ్లకి రోజుకో ఆకు చొప్పున ఆరు రోజులు నమిలించింది. చాలామందికి కొన్ని వారాలు గుణం కనిపించింది. నోరు పూయడం, వాంతులు, ఉప్పు రుచి తెలియకపోవడం కూడా. తరవాత 1979లో ఇంకొకరు, ఇచ్చేవాళ్లకీ తీసుకునేవాళ్లకీ ఏది ఏదో తెలియకుండా పరీక్షిస్తే తేడా ఏమీ రాలేదు. మేకకి తెలిసింది మనకి తెలియాలి కదా అని మా నాన్న అనేవాడు.

కాబట్టి ఆయాసానికి పోలికే లేదు, ఇన్‌హేలరే. అడ్డసరం కషాయం కఫం దగ్గుకి తాగితే తాగండి, గర్భిణులు మాత్రం ముట్టుకోకూడదు, వాసిసిన్ గర్భసంచిని బిగదీస్తుంది. అతిమధురం రోజూ నమిలితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. థియోఫిలిన్ మాత్రలు వాడేవాళ్లు పైపెరిన్ కలిపిన పసుపు క్యాప్సూల్స్ వేసుకుంటే థియోఫిలిన్ రక్తంలో పెరిగి గుండెదడ, వాంతులు రావచ్చు. ముందు చెప్పిన మాట ఇదే. చంటిపిల్లలకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేయడం కూడా, ఇంట్లో ఉబ్బసం ఉంటే మానుకోండి. మొక్క నుంచి వచ్చినా పొగ పొగే.

తిండి

ఇది చిన్న మాట. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉడికినా చావదు. ఉడుకుతున్న ఆవిరి పీల్చినా కొందరికి చాలు. రొయ్యల షెడ్లలో ఒలిచేవాళ్లకి చేతుల దురద, ఆయాసం వచ్చేది ఇందుకే. తిండి అలర్జీకి చైనా మూలికలు కలిపి తయారుచేసిన ఎఫ్.ఎ.హెచ్.ఎఫ్-2 అనే మందు ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది. అమెరికాలో 68 మంది మీద పరీక్షిస్తే హాని లేదు, ఉపయోగమూ లేదు. ఫలితం 2015లో వచ్చింది. అల్లుడు గారికి కోడి పలావు వండండి. పొరపాటున తిని పెదాలు వాచి, గొంతు పట్టేసి, కళ్లు తిరిగితే పసుపు పాలు, సిట్రిజిన్ అంటూ టైము పోగొట్టకండి. 108కి ఫోన్ చేయాలి. అప్పుడు పనిచేసేది తొడకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే.

సీసా చేతిలోకి తీసుకున్నాక

మాస్టారి పసుపు సీసా తిప్పి చూపించాను. ఉన్నది ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు. అంటే అది ఆహారం కింద అమ్మే సరుకు, జబ్బు తగ్గిస్తుందని రుజువు చేసి అమ్మే మందు కాదు. కర్క్యుమిన్ ఎన్ని మిల్లీగ్రాములు, పైపెరిన్ ఎంత అని విడివిడిగా రాసుంటే సరే. 'పసుపు సారం' అని మాత్రం రాస్తే వదిలేయండి. 2019లో ఇటలీలో పసుపు క్యాప్సూల్స్ వాడినవాళ్లలో వరసగా కామెర్లు, లివర్ వాపు కేసులు బయటపడ్డాయి. మూత్రం ముదురు పచ్చగా వచ్చినా, కళ్లు పసుపెక్కినా ఆ రోజే ఆపాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ ఉన్నవాళ్లు అసలు మొదలెట్టొద్దు. మాస్టారు స్టెంట్ వేయించుకుని అలాంటి మాత్రే వాడుతున్నారు. సీసా కొడుక్కి తిరిగి పంపించేయమన్నాను.

"అయితే మొక్కల్లేని ఆ స్ప్రేయే గతి అంటావు" అన్నారు, కాస్త నిష్ఠూరంగా.

"అదీ మొక్కేనండి మాస్టారూ. పెండలం."

నమ్మలేదు. 1940ల్లో రస్సెల్ మార్కర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త మెక్సికో అడవుల్లో దొరికే పెండలం జాతి దుంపల్లోని డయోస్జెనిన్ అనే పదార్థం నుంచి ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్ తయారుచేశాడు. 1952లో దాన్ని బూజు చేత మార్పించి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు వైపు దారి తీశారు. స్టెరాయిడ్లు సామాన్యుడికి అందే ధరకి దిగింది అప్పుడే. మన ముక్కుల్ని దిబ్బడెక్కించే బూజు చేతే ఆ పని చేయించారు.

"అయితే మీ అమ్మగారి చేత పెండలం పులుసు పెట్టిస్తాను, రోజూ."

"పులుసు బాగుంటుందండి. కానీ మన ఒంటికి ఆ మార్పిడి చేతకాదు. దుంప దుంపలాగే అరిగిపోతుంది."

స్ప్రే డబ్బా విప్పి కౌంటర్ దగ్గరే నేర్పించాను. తల వెనక్కి వాల్చకూడదు, కొంచెం ముందుకి వంచాలి. ఎడమ ముక్కుకి కుడి చేయి, కుడి ముక్కుకి ఎడమ చేయి. ముక్కు మధ్య గోడకి కాకుండా చెవి వైపు చూపిస్తూ నొక్కాలి. గట్టిగా ఎగబీల్చితే గొంతులోకి పోతుంది, మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు. మాస్టారు రెండుసార్లు తప్పు చేత్తో పట్టుకుని, మూడోసారి సరిగ్గా పెట్టి నొక్కారు.

"ఆయ్, ఇంతేనా" అన్నారు. తుమ్మబోయి ఆగి, చీటీ వెనకాల 'కుడి-ఎడమ' అని రాసుకుని జేబులో పెట్టుకున్నారు.